పొగ గొట్టం ఖర్చు ఎవరి ఖాతాలో? పర్యావరణానికి ఆర్థిక శాస్త్రం వేసే లెక్క

సూరత్ సరుకు లేని బట్టల దుకాణం తెలుగు ఊళ్ళలో వెతికినా దొరకదు. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చినా, ఈద్ షాపింగ్ మొదలైనా అక్కడి చీరలు, డ్రెస్ మెటీరియల్ కట్టలకు కట్టలు దిగుతాయి. ఆ చీర ధరలో దారం ఖర్చు ఉంటుంది. రంగు, కూలి, కరెంటు, బొగ్గు, లారీ కిరాయి, దుకాణదారు లాభం అన్నీ ఉంటాయి. ఒక్కటి మాత్రం ఉండదు. ఆ గుడ్డకు రంగు వేసిన మిల్లు బాయిలరు వదిలిన పొగను పీల్చినవాళ్ళ ఆస్పత్రి ఖర్చు.

ధరలో లేదు కదా అని ఆ ఖర్చు మాయమైపోదు. ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. మిల్లు యజమాని కట్టడు, చీర కొన్నవాళ్ళూ కట్టరు. మిల్లు పక్క బస్తీలో దగ్గుతో పనికి పోలేని మనిషి ఆ రోజు కూలి రూపంలో కడతాడు. పిల్లాడికి ఆయాసం మందు కొన్న తల్లి మెడికల్ షాపులో కడుతుంది. బిల్లు ఉంది, కానీ అది తప్పు ఇంటికి వెళ్తోంది.

పర్యావరణ ఆర్థిక శాస్త్రం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఏ ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది, దాన్ని అసలు బాకీదారు దగ్గరికి ఎలా చేర్చాలి, ఏ దారిలో వెళ్తే తక్కువ ఖర్చుతో ఎక్కువ గాలి శుభ్రపడుతుంది అని లెక్క కట్టే శాస్త్రం ఇది. ప్రభుత్వాలు ఇప్పుడు సెస్సు వేసినా, ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చినా వెనకాల ఇలాంటి లెక్క ఒకటి ఉంటోంది. ఆ లెక్క మన జీవితాల మీద పడుతుంది కాబట్టి, అది ఎలా వేస్తారో, ఎక్కడ తప్పుతుందో తెలుసుకోవడం చదువుకున్నవాళ్ళ పని మాత్రమే కాదు.

మోడల్ అంటే ఏమిటి?

ఆర్థికవేత్తలు 'మోడల్' అనేదాన్ని మన ఇళ్ళలో నెల మొదట్లో వేసుకునే బడ్జెట్‌తో పోల్చవచ్చు. అద్దె ఇంత, బియ్యం ఇంత, పిల్లల ఫీజు ఇంత అని కాగితం మీద రాసుకుంటాం. ఇంటి జీవితం మొత్తం ఆ కాగితం మీదికి రాదు. కానీ పాల ధర లీటరుకు నాలుగు రూపాయలు పెరిగితే నెలాఖరుకు ఏమవుతుందో ఆ కాగితమే చెబుతుంది.

మోడల్ కూడా అంతే. నిజ జీవితంలోంచి కొన్ని ముఖ్యమైన విషయాలు మాత్రం తీసుకుని, మిగతావి పక్కన పెట్టి, 'ఇది మారితే అది ఎంత మారుతుంది?' అని అడుగుతుంది. దాని బలం అదే. బలహీనత కూడా అదే. కాగితం మీద రాయనిది లెక్కలోకి రాదు. అందుకని ఏ మోడల్ చూపించినా అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది. ఇందులో ఎవరి ఖర్చు రాశారు, ఎవరిది వదిలేశారు?

మాంచెస్టర్ బట్టల ఉతుకుడు లెక్క

ఈ ప్రశ్న వందేళ్ళ నాటిది. ఇంగ్లండులోని మాంచెస్టర్ అప్పట్లో బట్టల మిల్లుల నగరం. పొగ గొట్టాల నుంచి రాలే మసి ఆరేసిన బట్టల మీద పడేది. 1918లో అక్కడి వాయు కాలుష్య సలహా మండలి ఒక చిన్న పని చేసింది. మాంచెస్టర్‌లో 100 కార్మికుల ఇళ్ళను, పొగ తక్కువగా ఉండే హారోగేట్ పట్టణంలో అలాంటివే అన్ని ఇళ్ళను తీసుకుని, వారానికి బట్టలు ఉతకడానికి ఎంత ఖర్చవుతోందో పోల్చింది. మాంచెస్టర్‌లో ఇంటికి వారానికి ఏడున్నర పెన్నీలు ఎక్కువ అవుతోందని తేలింది. ఏడున్నర లక్షల జనాభా ఉన్న నగరం మొత్తానికి లెక్క కడితే ఆ అదనపు ఖర్చు ఏడాదికి 2 లక్షల 90 వేల పౌండ్లు దాటింది.

కేంబ్రిడ్జ్ ఆర్థికవేత్త ఆర్థర్ సెసిల్ పిగూ 1920లో వెలువడిన 'ది ఎకనామిక్స్ ఆఫ్ వెల్ఫేర్' అనే పుస్తకంలో ఈ లెక్కను ప్రస్తావించాడు. మిల్లు యజమాని తన ఖర్చు మాత్రమే చూసుకుంటాడు. సమాజానికి అయ్యే మొత్తం ఖర్చు అంతకన్నా ఎక్కువ. ఈ రెండింటి మధ్య తేడా ఉన్నంతకాలం పొగ అవసరానికి మించి వస్తూనే ఉంటుంది. ఎందుకంటే పొగ వదలడం యజమానికి ఉచితం. ఈ తేడాకే తర్వాత 'ఎక్స్‌టర్నాలిటీ' అని పేరు పడింది. తెలుగులో 'బయటివాళ్ళ మీద పడే ఖర్చు' అనుకోవచ్చు.

మాంచెస్టర్ లెక్కలో ఇంకో విషయం ఉంది. అందులో బొగ్గు, సబ్బు లాంటి సామాను ఖర్చే కలిపారు. మసి పట్టిన బట్టలను ఇంకోసారి ఉతకడానికి పట్టిన అదనపు శ్రమను కలపలేదు. ఆ శ్రమ ఎక్కువగా ఆడవాళ్ళది. అంటే దాచిన ఖర్చును బయటపెట్టడానికి వేసిన లెక్క కూడా, ఇంకో ఖర్చును దాచిపెట్టింది. ఈ సంగతి చివరి దాకా గుర్తుంచుకోవాలి.

ఆర్డరా, పన్నా?

పొగ తగ్గించడానికి ప్రభుత్వాలు ముందుగా పట్టుకునే దారి ఆర్డరు. 'ఇంతకు మించి వదలకూడదు, మించితే శిక్ష' అని చట్టం చేస్తారు. మన దేశంలో 1974 నీటి కాలుష్య చట్టం, 1981 వాయు కాలుష్య చట్టం ఇలా వచ్చినవే. చూడటానికి సూటిగా ఉంటుంది. చిక్కు అమలులో వస్తుంది. 2024కు ముందు గీత దాటిన మిల్లును కోర్టుకు లాగాల్సి వచ్చేది, లేదా కరెంటు కోసి మూయించాల్సి వచ్చేది. కోర్టులో ఏళ్ళు పట్టేది. మూయిస్తే వందల మంది కూలీల పని పోతుంది. శిక్ష అంత పెద్దదైతే చిన్న తప్పులకు దాన్ని వాడటానికి అధికారులు వెనకాడతారు. చివరికి చట్టం గట్టిగా ఉండేది, పొగ మామూలుగానే వచ్చేది.

పిగూ చూపిన దారి పన్ను. బయటివాళ్ళ మీద ఎంత ఖర్చు పడుతోందో అంత పన్ను వేస్తే, యజమాని తన జేబులోంచి పోతుంది కాబట్టి తనే తగ్గించుకుంటాడు. దీనికి తేలికైన ఉదాహరణ ఐర్లండ్. 2002 మార్చిలో అక్కడి ప్రభుత్వం ప్లాస్టిక్ క్యారీ బ్యాగు ఒక్కోదానికి 15 సెంట్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. అంతకుముందు మనిషికి ఏడాదికి 328 బ్యాగులు వాడేవారని అంచనా. అది 21కి పడిపోయింది. ఎవరినీ అరెస్టు చేయలేదు. అప్పటిదాకా ఉచితంగా ఇచ్చిన వస్తువుకు ఒక ధర పెట్టారు, అంతే.

మన దేశంలో ఈ ఆలోచనతో వచ్చింది బొగ్గు మీద సెస్సు. 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై, 2016 నాటికి 400కు చేరింది. కాలుష్యం లేని ఇంధనానికి ఖర్చు పెడతామని చెప్పి పెట్టిన సెస్సు ఇది. 2017లో జీఎస్టీ వచ్చాక దాన్ని రాష్ట్రాలకు నష్టపరిహారం ఇచ్చే సెస్సులో కలిపేశారు. పన్ను వేయడం సగం పని మాత్రమే. వచ్చిన డబ్బు ఎక్కడికి పోతుందన్నది మిగతా సగం. బొగ్గు ధర పెరిగితే కరెంటు ధర పెరుగుతుంది. కరెంటు ధర పెరిగితే తక్కువ ఆదాయం ఉన్న ఇంటికే ఎక్కువ నొప్పి. ఆ డబ్బు తిరిగి ఆ ఇళ్ళకే చేరే ఏర్పాటు లేకపోతే, పొగ పీల్చినవాళ్ళే పన్ను కూడా కట్టినట్టవుతుంది.

మూడో దారి: పర్మిట్ల బజారు

1960ల చివర్లో కెనడా ఆర్థికవేత్త జాన్ డేల్స్ ఇంకో దారి చెప్పాడు. ఊరు మొత్తానికి ఎంత పొగ దాకా ఒప్పుకోవచ్చో ముందు తేల్చాలి. దాన్ని చిన్న చిన్న పర్మిట్లుగా విడగొట్టి ఫ్యాక్టరీలకు ఇవ్వాలి. తక్కువ పొగ వదిలినవాడు మిగిలిన పర్మిట్లు అమ్ముకోవచ్చు. ఎక్కువ వదిలినవాడు కొనుక్కోవాలి.

వినగానే 'కాలుష్యాన్ని అమ్ముకోవడమా?' అనిపిస్తుంది. ఒక చిన్న లెక్క వేస్తే ఆర్థికవేత్తలు దీన్ని ఎందుకు ఇష్టపడతారో అర్థమవుతుంది.

రెండు మిల్లులు ఉన్నాయనుకోండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది. రెండూ నెలకు 10 టన్నుల చొప్పున పొగ ధూళి వదులుతాయి. మొత్తం 20 టన్నులు. దాన్ని 12కి తేవాలి. కొత్త మిల్లు ఒక టన్ను తగ్గించుకోవాలంటే 5 వేలు చాలు. పాత మిల్లుకు యంత్రాలు పాతవి కాబట్టి టన్నుకు 20 వేలు అవుతుంది.

ఆర్డరు దారిలో రెండూ సమానంగా నాలుగేసి టన్నులు తగ్గించాలి. కొత్త మిల్లుకు 20 వేలు, పాత మిల్లుకు 80 వేలు. మొత్తం లక్ష.

పర్మిట్ల దారిలో ఒక్కో మిల్లుకు 6 టన్నుల పర్మిట్లు ఇస్తారు. కొత్త మిల్లు ఏకంగా 8 టన్నులు తగ్గిస్తుంది. దానికి 40 వేలు ఖర్చు. తన దగ్గర మిగిలిన 4 టన్నుల పర్మిట్లను టన్ను 12 వేల చొప్పున పాత మిల్లుకు అమ్మితే 48 వేలు వస్తాయి. పాత మిల్లు 80 వేలు పెట్టాల్సింది 48 వేలతో బయటపడింది. కొత్త మిల్లుకు 8 వేలు మిగిలాయి. ఊరి పొగ రెండు దారుల్లోనూ 12 టన్నులే. ఖర్చు మాత్రం లక్ష బదులు 40 వేలు.

అమెరికాలో ఆమ్ల వర్షాలకు కారణమైన సల్ఫర్ డయాక్సైడ్‌ను తగ్గించడానికి 1990లో చేసిన చట్టం ఈ దారినే పట్టింది. 1995లో థర్మల్ విద్యుత్ కేంద్రాలతో మొదలుపెట్టారు. ముందు వేసిన అంచనాల కన్నా బాగా తక్కువ ఖర్చుతో లక్ష్యం చేరుకున్నారు. ఆ తర్వాత ప్రపంచమంతా ఇది పాఠంగా మారింది. అయితే ఒక సందేహం మిగిలింది. కొలిచే యంత్రాలు, గట్టి అధికారులు ఉన్న సంపన్న దేశంలో పని చేసింది సరే, ఇక్కడ పని చేస్తుందా? దీనికి జవాబు సూరత్‌లో దొరికింది.

సూరత్‌లో ఏం జరిగింది?

సూరత్ కథ చెప్పాలంటే ముందు గుజరాత్ ఆడిటర్ల కథ చెప్పాలి. అక్కడ ఎక్కువ కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు ఏటా ఆడిట్ చేయించుకోవాలి. అప్పట్లో ఆడిటర్‌ను ఎంచుకున్నది ఫ్యాక్టరీ, ఫీజు కట్టిందీ ఫ్యాక్టరీయే. గీత దాటిందని రాసిన ఆడిటర్‌కు మరుసటి ఏడాది పని ఎవరిస్తారు? ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ ర్యాన్ అనే ఆర్థికవేత్తలు గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలితో కలిసి దీన్ని పరీక్షించారు. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం, పాత పద్ధతిలో ఆడిటర్లు గాలి ధూళి విషయంలో 7 శాతం ఫ్యాక్టరీలే గీత దాటాయని రాశారు. మళ్ళీ కొలిచి చూస్తే దాటినవి 59 శాతం.

కొన్ని ఫ్యాక్టరీలకు పద్ధతి మార్చారు. ఆడిటర్‌ను చీటీ తీసి కేటాయించారు. ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు. వాళ్ళ కొలతలను మధ్య మధ్యలో వేరేవాళ్ళతో సరిచూపించారు. రిపోర్టులు నిజానికి దగ్గరగా వచ్చాయి. ఫ్యాక్టరీల కాలుష్యం కూడా తగ్గింది. మనుషులు మారలేదు. జీతం ఎవరిస్తారన్నది మారింది.

తర్వాతి అడుగు 2019లో పడింది. ఆ ఏడాది పర్యావరణ దినోత్సవం నాడు సూరత్‌లో పర్మిట్ల బజారును ప్రారంభించారు. గాలిలోని ధూళి కణాల కోసం ప్రపంచంలో పెట్టిన మొదటి బజారు ఇదే. బొగ్గు లాంటి ఇంధనం కాల్చే 317 ఫ్యాక్టరీలను తీసుకున్నారు. వాటిలో ఎక్కువ భాగం బట్టల మిల్లులు. చీటీ తీసి 162 ఫ్యాక్టరీలను బజారులోకి పంపారు. మిగతా 155ను పాత ఆర్డరు పద్ధతిలోనే ఉంచారు. పొగ గొట్టాలకు ఎప్పటికప్పుడు కొలిచే మీటర్లు బిగించారు. పర్మిట్లలో ఎక్కువ భాగం ఉచితంగా ఇచ్చి, కొంత వేలం వేశారు. ముందుగా ధరావతు కట్టించుకున్నారు. పర్మిట్లు చాలకపోతే అందులోంచి కోత పడుతుంది. కోర్టు చుట్టూ తిరిగే పని లేదు.

ఫలితం ఏమిటంటే, బజారులో ఉన్న ఫ్యాక్టరీల పొగ ధూళి మిగతావాటి కన్నా 20 నుంచి 30 శాతం తగ్గింది. వదిలిన ధూళిలో 99 శాతానికి పర్మిట్లు చూపించారు. అంతే కాలుష్యాన్ని ఆర్డరు పద్ధతిలో తగ్గించడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే 11 శాతం ఆదా అయింది. ఆరోగ్యానికి కలిగే లాభం విలువ, ఫ్యాక్టరీలు పెట్టిన ఖర్చుకు కనీసం 25 రెట్లు ఉంటుందని గ్రీన్‌స్టోన్, పాండే, ర్యాన్, అనంత్ సుదర్శన్ లెక్క కట్టారు.

గాలి శుభ్రం చేయాలంటే పనులు పోతాయి, పరిశ్రమ మూతపడుతుంది అనే మాట తరచూ వినిపిస్తుంది. సూరత్ లెక్క ఆ మాటకు గట్టి జవాబు. నిజానికి తగ్గించే ఖర్చు చిన్నది. అది కట్టించే ఏర్పాటు సరిగా లేకపోవడమే పెద్ద సమస్య.

బోరుబావి లెక్క వేరు

పొగ విషయంలో ఒకడు వదిలితే ఇంకొకడు పీలుస్తాడు. భూగర్భ జలం సంగతి వేరు. అక్కడ నష్టం చేసేవాళ్ళు, నష్టపోయేవాళ్ళు ఇద్దరూ ఒకటే. 'నేను తోడకపోతే పక్క చేను అతను తోడేస్తాడు' అన్న భయంతో అందరూ తోడతారు. నీటి మట్టం దిగుతుంది. బోరు ఇంకా లోతుకు వేయాలి. అప్పు పెరుగుతుంది. ఇలాంటి ఉమ్మడి వనరు ఎలా పాడైపోతుందో 1968లో అమెరికా శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ రాసిన వ్యాసం బాగా ప్రసిద్ధి. ప్రభుత్వం చేతిలోకైనా పోవాలి, లేదా ఎవరి వాటా వాళ్ళకు సొంత ఆస్తిగానైనా పంచాలి అన్నది ఆ వాదన సారం.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి కరెంటు తోడైంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతులకు ఉచిత విద్యుత్ వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటలూ ఇచ్చారు. మోటారు ఒక గంట ఎక్కువ నడిపితే రైతుకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఖర్చు లేనప్పుడు, నీటి విలువ లెక్కలోకి రాదు. మామూలు మోడల్ వెంటనే చెప్పే మాట 'కరెంటుకు ధర పెట్టండి' అని. కానీ ఆ మోడల్ కాగితం మీద కొన్ని సంగతులు లేవు. కాలువ కింది రైతుకు నీరు ప్రభుత్వ ఖర్చుతో పొలం దాకా వస్తుంది. మెట్ట రైతు సొంత అప్పుతో బోరు వేసుకున్నాడు. ఎండిపోయిన బోర్ల నష్టం కూడా అతనిదే. ఇవి వదిలేసి ధర ఒక్కటే పెంచితే లెక్క సరిపోతుంది, న్యాయం సరిపోదు.

ఎలినార్ ఆస్ట్రోమ్ ఇక్కడ మూడో మాట చెప్పింది. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమె. చెరువులు, అడవులు, చేపల రేవులను జనమే కలిసి కాపాడుకున్న ఊళ్ళను దేశదేశాల్లో పరిశీలించింది. హద్దులు స్పష్టంగా ఉండి, నియమాలు వాడుకునేవాళ్ళే పెట్టుకుని, కాపలా వాళ్ళే కాసుకుని, తప్పు చేసినవాడికి మొదట చిన్న శిక్ష, తర్వాత పెద్ద శిక్ష ఉన్నచోట ఉమ్మడి వనరు నిలిచిందని చూపించింది.

దీనికి దగ్గరి ప్రయత్నం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో 2000ల్లో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల కరువు ప్రాంతాల్లో రైతులే వర్షాన్ని, బోర్లలో నీటి మట్టాన్ని కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని 'భూమిలో నీరు ఇంత ఉంది, మనం వేయాలనుకున్న పంటలకు ఇంత కావాలి' అని లెక్క చూసుకున్నారు. ఏ పంట వేయాలన్నది రైతు ఇష్టానికే వదిలేశారు. కానీ కళ్ళ ముందు లెక్క ఉన్నప్పుడు, వరి బదులు తక్కువ నీటి పంట వేసుకోవడం కొందరికి తమ లాభంగానే కనిపించింది.

మోడల్ ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది?

పైన వేసిన రెండు మిల్లుల లెక్కకు మళ్ళీ వెళ్దాం. ఊరి పొగ 12 టన్నులకు తగ్గింది, ఖర్చు ఆదా అయింది. అంతా బాగానే ఉంది. అయితే ఆ 12 ఎక్కడ వస్తోంది? కొత్త మిల్లు 2 టన్నులు వదులుతోంది. పాత మిల్లు పర్మిట్లు కొనుక్కుని ఇంకా 10 టన్నులే వదులుతోంది. పాత మిల్లు పక్క బస్తీకి గాలి వీసమెత్తు కూడా మారలేదు. ఊరి సగటు బాగుపడింది, ఆ బస్తీ బాగుపడలేదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ వదిలినా భూమి మొత్తానికి ఒకటే కాబట్టి దానికి ఈ చిక్కు లేదు. ధూళికి, రసాయనాలకు ఉంది. మిల్లులు దూరదూరంగా ఉన్న కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. అందుకే ఊరికంతటికీ ఒక హద్దు పెట్టినా, ఏ ఒక్క చోటా దాటకూడని హద్దు ఇంకోటి ఉండాలి.

రెండో చిక్కు ప్రాణం ఖరీదు. ఆరోగ్య లాభాన్ని రూపాయల్లో చెప్పాలంటే మనిషి ప్రాణానికి ఏదో ఒక అంకె పెట్టక తప్పదు. ఆ అంకె సంపాదనను బట్టి పెడితే పేదవాడి ప్రాణం చవకవుతుంది. ప్రపంచ బ్యాంకు ముఖ్య ఆర్థికవేత్త లారెన్స్ సమ్మర్స్ సంతకంతో 1991 డిసెంబరులో రాసిన ఒక అంతర్గత నోట్ తర్వాత బయటికి వచ్చింది. జీతాలు తక్కువ ఉన్న దేశాల్లో జబ్బు వల్ల పోయే ఆదాయమూ తక్కువే, కాబట్టి విష వ్యర్థాలను అక్కడికి పంపడం ఆర్థిక తర్కానికి సరిపోతుందని అందులో ఉంది. అది వ్యంగ్యంగా రాసిందేనని తర్వాత వివరణ ఇచ్చారు. వ్యంగ్యమైనా కాకపోయినా, మోడల్‌ను ప్రశ్నించకుండా నడిపిస్తే ఎక్కడికి చేరుతుందో ఆ నోట్ చూపించింది.

మూడోది కాలం. ఈ రోజు చేసిన కాలుష్యం ఫలితం మునిమనవళ్ళ కాలంలో రావచ్చు. వందేళ్ళ తర్వాత జరిగే లక్ష రూపాయల నష్టానికి ఈ రోజు ఎంత విలువ ఇవ్వాలి? మోడల్‌లో దీనికి ఏటా ఇంత శాతం తగ్గించుకుంటూ వచ్చే రేటు ఒకటి పెడతారు. 2006లో బ్రిటన్ ప్రభుత్వం కోసం నికోలస్ స్టెర్న్ తయారుచేసిన వాతావరణ నివేదికలో ఆ రేటు 1.4 శాతం. దాంతో లెక్క కడితే ఆ లక్షకు ఈ రోజు విలువ దాదాపు 25 వేలు. అదే 4 శాతం పెడితే దాదాపు 2 వేలే. 2018లో నోబెల్ పొందిన విలియం నార్డ్‌హౌస్ లాంటివారు స్టెర్న్ కన్నా ఎక్కువ రేటు పెట్టి, ఇంత తొందర అవసరం లేదన్నారు. రేటు కొంచెం మారితే సమాధానమే మారిపోయింది. పుట్టబోయే పిల్లల మంచి చెడ్డలకు ఎంత బరువు ఇవ్వాలన్నది కంప్యూటరు చెప్పదు. మనుషులు తేల్చుకుని కంప్యూటరుకు చెప్పాలి.

మన ఊరికి ఫ్యాక్టరీ వస్తే అడగాల్సినవి

హైదరాబాద్ పక్క పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక ప్రాంతం సంగతి చాలామందికి తెలుసు. ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు నక్కవాగులో కలిసి, ఆ వాగు మంజీరలో కలిసి, పొలాలు, బావులు పాడై కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో అత్యంత కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితా తయారుచేస్తే, అందులో పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం రెండూ ఉన్నాయి. అక్కడ వచ్చిన ఉద్యోగాలు, పన్నులు మొదటి రోజు నుంచే లెక్కలో ఉన్నాయి. పాడైన బావుల లెక్క కోర్టు మెట్లెక్కాక గానీ మొదలు కాలేదు.

ఇప్పుడు ఆ లెక్కను ముందే అడిగే అవకాశం చట్టంలో ఉంది. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, జాబితాలో ఉన్న పెద్ద ప్రాజెక్టులకు, కొన్ని మినహాయింపులు పోను, బహిరంగ విచారణ జరపాలి. దాన్నే మనం ప్రజాభిప్రాయ సేకరణ అంటాం. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. జనం చెప్పిన మాటలు రికార్డు చేయాలి. చదువు ఎంత ఉందన్నది అక్కడ ఎవరూ అడగరు. అక్కడికి వెళ్ళేవాళ్ళు ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్తే మేలు.

1. లాభాల వైపు ఉద్యోగాలు, పన్నులు రాశారు. నష్టాల వైపు చుట్టుపక్కల వాళ్ళ ఆరోగ్యం, బోరు నీరు, పోయే కూలి రోజులు రాశారా? ఎంత రాశారు?

2. ఇంట్లో ఆడవాళ్ళు దూరం నుంచి నీళ్ళు మోసుకురావాల్సి వస్తే, జబ్బుపడ్డవాళ్ళను చూసుకోవాల్సి వస్తే ఆ శ్రమ లెక్కలో ఉందా?

3. కాలుష్యం కొలిచేది ఎవరు? వాళ్ళకు డబ్బు ఇచ్చేది ఎవరు? ఆ కొలతలు ఊరివాళ్ళకు ఎక్కడ కనిపిస్తాయి?

4. చూపిస్తున్న అంకె జిల్లా సగటా, లేక గోడ పక్క బస్తీదా?

5. జరిమానా, సెస్సు డబ్బు వస్తే అది నష్టపోయిన ఊరికే ఖర్చు పెడతారా?

6. ఎన్నేళ్ళకు లెక్క కట్టారు? ఫ్యాక్టరీ మూసేశాక మిగిలే వ్యర్థాలను శుభ్రం చేసే ఖర్చు ఎవరిది?

ఈ ఆరింటికీ జవాబు చెప్పాల్సింది ప్రాజెక్టు పెట్టేవాళ్ళు. చెప్పలేకపోతే ఆ సంగతి కూడా రికార్డులో రాయించవచ్చు. మాట్లాడటం ఇబ్బందైతే రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. విచారణలో వచ్చిన అభ్యంతరాలను, వాటికి కంపెనీ ఇచ్చిన జవాబులను నిపుణుల కమిటీ అనుమతికి ముందు పరిశీలించాలి. అందుకే ఆ కాగితం మీద మన మాట ఉండటం ముఖ్యం. నోటీసు పేపర్లో ఏ మూలో చిన్న అక్షరాల్లో వస్తుంది. మొహల్లాలో, ఊళ్ళో ఒకరిద్దరు దాన్ని గమనిస్తూ ఉండి మిగతావాళ్ళకు చెప్పడం దీనికి మొదటి పని.